బిల్లు పాసైందని చెప్పినందుకు ఇంట్లో దోషినయ్యాను. ఆదివారం క్లాసు మానేయాలా?

దేవరకొండ వైపు ఒక మండల కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామెకు 34 ఏళ్లు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్. ఏటా రెన్యువల్ అయితేనే ఉద్యోగం. కొంతకాలంగా ఆదివారం పొద్దున ఊరి శాఖా గ్రంథాలయంలో పది పదిహేను మందిని కూర్చోబెట్టి, అసెంబ్లీలో ఏ బిల్లు వచ్చింది, అది ఎక్కడిదాకా పోయింది, దాన్ని ఎవరికివారు ఫోన్లో ఎట్లా చూసుకోవాలి అన్నది నేర్పుతున్నారు.

2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు (పంచాయతీ సీట్లకూ వర్తించేవి) పాసైనప్పుడు ఆ సంగతి అక్కడ చెప్పారు. విన్నవాళ్లలో ఆమె భర్తకు అన్న, అంటే బావగారు కూడా ఉన్నారు. సర్పంచ్ కావాలన్నది ఆయన చాలాకాలపు కోరిక. సెప్టెంబరులో వచ్చిన జాబితాలో ఊరి సీటు బీసీకి పడింది. దసరాకు ఆయన ఊరంతటికీ విందు ఇచ్చారు. యువజన సంఘానికి డప్పులు, గుడికి రంగులు, ఇంటింటికీ తిరగడం, అన్నీ కలిపి మూడు లక్షలు దాటింది. అందులో సగం వడ్డీకి తెచ్చిందే. అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. నవంబరులో మళ్లీ తీసిన జాబితాలో అదే సీటు జనరల్ అయింది. భూములున్న పెద్ద ఇంటివాళ్లు దిగేసరికి బావగారు నామినేషన్ కూడా వేయలేదు.

“పాసైందని నువ్వే చెప్తివి గదా” అని యారాలు, అంటే బావగారి భార్య, నలుగురిలో అన్నది. ఆ ఖర్చులో కొంత వీళ్లు భరించాలని ఇంట్లో అడుగుతున్నారు. బావగారు మాట్లాడటం మానేశారు. సంక్రాంతికి కూడా వీళ్లింట్లో చెయ్యి కడగలేదు. అత్తగారు రెండు వైపులా ఏడుస్తున్నారు. భర్త మంచివాడే గానీ “మనకెందుకే ఈ టెన్షన్, ఆపెయ్” అంటున్నాడు. ఈలోగా ఒక స్థానిక నాయకుడు కాలేజీకి ఫోన్ చేసి, “మీ మేడం ఆదివారాలు మా పార్టీ మీద మీటింగులు పెడుతుంది” అన్నాడట. పైగా క్లాసుకు వచ్చేవాళ్లలో చాలామంది “నా పాస్‌బుక్ ఎప్పుడొస్తది మేడం” అని తప్ప వేరే మాట అడగరు. “నేను నేర్పిందేమిటి, వాళ్లు నేర్చుకున్నదేమిటి? బావగారికి నేను నిజంగా బాకీ పడ్డానా? ఇది ఆపాలా, నడపాలా?” అని అడిగారు.

సమాధానం:

మీరు అంతా ఒకే కష్టంగా రాశారు గానీ, ఇందులో ఉన్నవి వేరువేరు సంగతులు. బావగారి డబ్బు ఒకటి, నాయకుడి ఫోన్ ఒకటి, క్లాసు ఒకటి. మొదటి రెండింటి బరువు తెచ్చి మూడోదాని మీద వేస్తున్నారు. అందుకే ఆపేస్తే అన్నీ తీరిపోతాయనిపిస్తోంది. ఆపినా బావగారి అప్పు తీరదు కదా.

ముందు బావగారి సంగతి. మార్చి 17న అసెంబ్లీ, ఆ వెంటనే మండలి ఆ బిల్లులను ఆమోదించిన మాట నిజం. మీరు చెప్పింది అదే. ఆయన డబ్బు తీసింది మార్చిలో కాదు, సెప్టెంబరు జాబితా చూశాక. ఆ జాబితా మీరు రాయలేదు. సెప్టెంబరు 26న ప్రభుత్వం బీసీలకు 42 శాతం సీట్లు ఇస్తూ జీవో 9 (ప్రభుత్వ ఉత్తర్వు) ఇచ్చింది, జిల్లాల్లో సీట్లు ఖరారు చేశారు, ఎన్నికల సంఘం షెడ్యూలు కూడా ప్రకటించింది. రాష్ట్రంలో ఎంతోమంది మీ బావగారిలాగే నమ్మి ఖర్చు పెట్టారు. వాళ్లెవరికీ ఆదివారం క్లాసు చెప్పిన మరదలు లేదు. అక్టోబరు 9న హైకోర్టు ఆ జీవోపై స్టే ఇచ్చింది. సరిగ్గా వారానికి, 16న, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోనంది. డిసెంబరులో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు రిజర్వేషన్లన్నీ కలిపి 50 శాతం దాటకూడదన్న పాత పరిమితిలోనే జరిగాయి. ఇందులో మీ చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు.

అయితే ఈ తేదీలన్నీ పట్టుకుని ఆయన ముందు కూర్చోకండి. మీ మాటే సరైనదని తేలవచ్చు, మీ మధ్య దూరం మాత్రం తగ్గదు. ఆయన పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు. ఊరికి భోజనం పెట్టి, కనీసం నామినేషన్ వేయకుండా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. దానికి ఎవరో ఒకరు కారణం కావాలి. హైకోర్టును తిట్టినా ఆయన కడుపు చల్లబడదు. మీరు దగ్గర్లో ఉన్నారు, ఆడపిల్ల, చదువుకున్నది, ఎదురు చెప్పదు. నేను కాస్త కటువుగానే అంటున్నానేమో. కానీ మీ ఉత్తరంలో “మా బావ నాకు తండ్రి లాంటివాడు” అని రెండు చోట్ల రాశారు. ఆ గౌరవం వల్లే మీది కాని తప్పును మీరు నెత్తిన వేసుకుంటున్నారు.

డబ్బు విషయంలో మీ ముందు రెండు దారులున్నాయి. ఇంట్లో అడిగినట్టు కొంత మీరు భరిస్తే అప్పటికి శాంతి వస్తుంది. కానీ అది పరిహారంగా ఇస్తే, తప్పు మీదేనని ఒప్పుకున్నట్టు ఊళ్లో స్థిరపడుతుంది. రేపు ఇంకొకాయన భూమి రేటు పెరుగుతుందని మీ మాట విని కొన్నానంటాడు. ఏమీ ఇవ్వకపోతే మనసులు ఇంకొంత కాలం అట్లాగే ఉంటాయి. వడ్డీ నిజంగా ఆయన్ను నలిపేస్తుంటే, అన్నకు తమ్ముడు ఎట్లా ఆదుకుంటాడో అట్లా మీ ఆయన చేతుల మీదుగా ఇవ్వండి, “ఇది బిల్లు సంగతికి కాదు” అని ఆ మాట మీ ఆయన నోటితోనే చెప్పించండి. మీ తాహతుకు మించి ఇవ్వకండి. గెస్ట్ లెక్చరర్ జీతం ఎంతో, ఎన్ని నెలలకు చేతికొస్తుందో నాకు తెలియనిది కాదు.

ఇప్పుడు క్లాసు. మీరు తప్పు చెప్పలేదన్నాను. కానీ మీరు చెప్పినది అక్కడ ఎట్లా చేరిందో చూడండి. మీరు “రెండు సభల్లో పాసైంది” అన్నారు. వాళ్లకు వినపడింది “వచ్చేసింది” అని. ఇది వాళ్ల తెలివితక్కువతనం కాదు. పేపర్లూ టీవీలూ బిల్లు పాసైన రోజు పండగ చేస్తాయి. ఆ తరువాత అది ఏ బల్ల మీద ఆగిందో చివరి పేజీలో కూడా వేయవు. మీ ఆదివారం పని అక్కడే మొదలు కావాలి.

మీకు దీనికి మంచి పాఠం ఆ ఏడాదే దొరికింది. 2025 మార్చిలో, ఒకదాని వెనకే ఒకటిగా రెండు రకాల బిల్లులు అసెంబ్లీ దాటాయి. 17న బీసీ బిల్లులు, 18న ఎస్సీ వర్గీకరణ బిల్లు. అదే సభ, అదే ప్రభుత్వం, అదే గవర్నర్. వర్గీకరణ బిల్లుకు ఏప్రిల్ 8న గవర్నర్ ఆమోదం వచ్చింది, 14న అంబేద్కర్ జయంతి రోజు అమల్లోకి వచ్చింది. బీసీ బిల్లులు రాష్ట్రపతికి పోయాయి, పంచాయతీ ఎన్నికలు ముగిసేనాటికి కూడా అక్కడే ఉన్నాయి. వర్గీకరణకు 50 శాతం గోడ అడ్డం రాలేదు, ఉన్న 15 శాతాన్ని ఎస్సీల్లోనే పంచింది. బీసీ బిల్లులు ఆ గోడను దాటాలి. ఆగస్టు 31న పంచాయతీరాజ్ చట్టంలోంచి ఆ పరిమితిని తీసేసే సవరణ బిల్లును కూడా సభ ఆమోదించింది. దానికీ పైనుంచి ఆమోదం దొరకలేదు. దొరకకముందే జీవో వచ్చింది. జీవో చట్టం కాదు, చట్టం ఇచ్చిన అధికారం మీద నిలబడేది. కింద చట్టం లేకపోతే కోర్టులో ఒక్క రోజు నిలవదు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి ఒక ఆదివారం చెప్పండి. బావగారు రాకపోయినా ఆయన స్నేహితులు వింటారు. ఆయనకు చేరుతుంది. మీరు నేరుగా చెప్పేదానికంటే అట్లా చేరడమే మేలు.

అంటే అడగాల్సిన ప్రశ్న మార్చండి. “పాసైందా” అని కాదు, “ఇప్పుడు ఎక్కడుంది” అని. మన జనానికి ఇది కొత్త ప్రశ్నేం కాదు. దరఖాస్తు ఇచ్చినంతమాత్రాన పాస్‌బుక్ చేతికి రాదని, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో కనుక్కోవాలని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతివాళ్లకూ తెలుసు. బిల్లూ అంతే. సభలో ప్రవేశపెట్టాక దానికి ఎల్.ఏ. బిల్ నంబరు పడుతుంది, అసెంబ్లీ, మండలి, గవర్నర్ ఉండే రాజ్‌భవన్ (ఇప్పుడు దాని పేరు లోక్‌భవన్), కొన్నిసార్లు ఢిల్లీ, ఆపైన గెజిట్ (ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే పత్రం), ఆ తరువాత నియమాలు. గవర్నర్ ఆమోదించవచ్చు, ఆపవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతికి పంపవచ్చు. రాజ్యాంగం 200వ అధికరణంలో ఉన్నది అదే. 2023లో అప్పటి ప్రభుత్వం, గవర్నర్ దగ్గర బిల్లులు ఆగిపోయాయని సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అంటే రాజ్‌భవన్ దగ్గర ఆగడం ఒక్క పార్టీ కష్టం కాదు. ఇది కూడా క్లాసులో చెప్పండి, కారణం కింద రాస్తాను.

గెజిట్‌లో అచ్చయ్యాక కూడా ఒక మెలిక ఉంది. దాన్ని చాలామంది చదువుకున్నవాళ్లే చూడరు. ఏ చట్టంలోనైనా మొదటి సెక్షన్ చివర, అది ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుందో ఉంటుంది. “ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ప్రకటించిన తేదీ నుంచి” అని ఉందంటే, ఆ నోటిఫికేషన్ వచ్చేదాకా అది కాగితం మీదే ఉంటుంది. మీవాళ్లకు ఒక్క వాక్యం చదవడం నేర్పాలనుకుంటే, అది నేర్పండి.

ఇక మీరు విసుక్కున్న పాస్‌బుక్ ప్రశ్న. నాకు అక్కడ మీ మీద కొంచెం కోపం వచ్చింది. రైతు తన భూమి గురించి కాక ఇంకేం అడుగుతాడు? ఆ ప్రశ్నలోనే మీ సిలబస్ మొత్తం ఉంది. మీ క్లాసులో సాదాబైనామా కాగితాలున్నవాళ్లు, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద భూమి కొన్నవాళ్లు, తప్పకుండా ఉంటారు, నల్గొండ, పాలమూరు జిల్లాల్లో లేని ఊరు లేదు. 2020లో వాటి క్రమబద్ధీకరణకు అక్టోబరు 12 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు, గడువు నవంబరు 10 దాకా పెంచారు. మధ్యలో అక్టోబరు 29న ధరణి చట్టం, అంటే భూమి హక్కుల, పాస్‌బుక్కుల కొత్త చట్టం, అమల్లోకి వచ్చింది. 1971 నాటి పాత చట్టం రద్దయింది. సాదాబైనామాలకు దారి చూపిన సెక్షన్ పాత చట్టంలో ఉంది, కొత్తదానిలో లేదు. 29 తరువాత వచ్చిన దరఖాస్తులను ఏ చట్టం కింద చూస్తారని హైకోర్టు అడిగి, ఆపేసింది. లక్షల దరఖాస్తులు ఏళ్లపాటు అట్లాగే పడి ఉన్నాయి. ఒక తేదీ, ఒక సెక్షన్ లేకపోవడం, అంతే. మీసేవలో ఇచ్చిన రసీదు బీరువాలో దాచుకున్న రైతుకు ఈ సంగతి ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే, కనీసం ఎవరి కాళ్ల మీద పడాలో తెలిసేది.

తరువాతి కథ కూడా వాళ్ల కళ్ల ముందు జరిగిందే. ధరణి చట్టం స్థానంలో తెచ్చిన భూభారతి చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో జనం ముందు పెట్టి సలహాలు అడిగారు. డిసెంబరు 18న సభలో బిల్లు పెట్టారు, 20న ఆమోదించారు. జనవరిలో గవర్నర్ ఆమోదం, 2025 ఏప్రిల్ 14న నియమాలతో సహా అమలు. ముందు నాలుగు మండలాల్లో చూశారు, వాటిలో ఒకటి నారాయణపేట జిల్లా మద్దూరు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు. 2020 దరఖాస్తులకు దారి ఇచ్చేది ఆ చట్టంలోని ఆరో సెక్షన్. ఇందులో గమనించాల్సింది, సభలో బిల్లు బతికింది మూడు రోజులు. ముసాయిదా బయట ఉన్నది మాత్రం వారాల తరబడి. సామాన్యుడు నోరు తెరవగలిగిన కాలం అదొక్కటే. బిల్లు సభలోకి వచ్చాక మనం చేయగలిగేది చూడటమే. మార్పు అడగాలంటే ముసాయిదా నాడే అడగాలి. నిజం చెప్పాలంటే ముసాయిదాలను అట్లా ముందు పెట్టడం మన దగ్గర అరుదు, అందుకే పెట్టినప్పుడు వదులుకోకూడదు.

అడగడానికి మీకు ఎమ్మెల్యే ఒక్కరే లేరు. వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానానికి ఒక ఎమ్మెల్సీ, టీచర్ల స్థానానికి ఇంకొక ఎమ్మెల్సీ ఉన్నారు. మీ దగ్గర చదివి డిగ్రీ పూర్తి చేసి, ఓటరుగా నమోదైన పిల్లలు ఆ పట్టభద్రుల ఓటర్లే. సమావేశాలకు ముందు నాలుగు లైన్ల ఉత్తరం రాయించండి. సమాధానం రాకపోవచ్చు. వచ్చినా రాకపోయినా రాసిన కాగితం నకలు గ్రంథాలయంలో ఫైలు చేయండి.

ఇప్పుడు మానాలా, నడపాలా అన్నదానికి వస్తాను. కొన్నాళ్లు ఆపితే ఇంట్లో వేడి తగ్గుతుంది, అందులో అవమానమేం లేదు. కానీ ఏమీ చెప్పకుండా ఆపితే, నాయకుడి ఫోన్‌కు భయపడి ఆపిందని ఒకరు, బావకు చేసిన తప్పు ఒప్పుకుందని ఇంకొకరు అనుకుంటారు. ఆపదలిస్తే సమావేశాలు లేని నెలలు చూసుకుని, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్పి ఆపండి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని రాజ్యాంగమే చెబుతుంది కాబట్టి మీ సెలవు కూడా మరీ సాగదు.

ఇప్పుడున్నట్టే నడిపితే, మీరు ఒక్కరే చెప్పేవారు, అందరూ వినేవారు అయితే, ఈ గొడవ మళ్లీ వస్తుంది. ఇంకో బిల్లు, ఇంకో బావ. వాళ్లకు చట్టం మీద కాదు, మీ మీద నమ్మకం కుదిరింది. అది వినడానికి బాగుంటుంది గానీ ప్రమాదం.

నాకు ఎక్కువ ఇష్టమైన దారి, మీరు కొంచెం వెనక్కి జరగడం. గోడకు ఒక బోర్డు పెట్టండి. బిల్లు పేరు, నంబరు, ఇప్పుడు ఎక్కడుంది, ఏ తేదీన ఎక్కడ చూశాం. అంతకు మించి రాయొద్దు. ఒక్కో బిల్లు బాధ్యత ఒక్కొక్కరికి అప్పగించండి. సభలో పెట్టినవి శాసనసభ వెబ్‌సైట్లో దొరుకుతాయి, చట్టమైనవి గెజిట్‌లోనూ, చట్టాల పాఠాలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లోనూ, జీవోలు జీవోల పోర్టల్‌లోనూ దొరుకుతాయి. ఇండియా కోడ్‌లోకి తాజా సవరణలు ఆలస్యంగా ఎక్కుతుంటాయి, అది హెచ్చరించండి. ప్రామాణిక పాఠం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఇంటర్ పిల్లలను ఒక్కో రైతు పక్కన కూర్చోబెట్టండి. పిల్లలకూ పరీక్షకు పనికొస్తుంది. ఎక్కడా దొరకని కాగితానికి సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ దరఖాస్తు కూడా మీ పేరు మీద పెట్టొద్దు, కావాల్సినవాళ్లే పెట్టుకోవాలి. ఇట్లా చేస్తే మొదట్లో మనుషులు తగ్గుతారు. వినడానికి వచ్చేవాళ్లు వెదకడానికి రారు. నలుగురు మిగిలినా సరే.

“వస్తుందా రాదా మేడం” అని అడిగితే జోస్యం చెప్పకండి. “ఇప్పటికి గవర్నర్ దగ్గర ఉంది, ఇంతవరకే తెలుసు” అనండి. ఇది మీరు నేర్చుకోవాల్సిన క్రమశిక్షణ, కష్టమే. టీచరుకు “తెలియదు” అనడం అలవాటుండదు.

నాయకుడి సంగతికి కూడా ఆ బోర్డే జవాబు. దాని మీద 2020 చట్టమూ ఉండాలి, 2025 చట్టమూ ఉండాలి. పోయిన ప్రభుత్వపు బిల్లులు రాజ్‌భవన్‌లో ఆగిన కథ, ఇప్పటి ప్రభుత్వపు బిల్లులు ఢిల్లీలో ఆగిన కథ పక్కపక్కన కనిపిస్తే, ఇది ఎవరి పార్టీ మీటింగో చెప్పడం ఎవరికైనా కష్టం. కుదిరితే ఆ నాయకుడినే ఒక ఆదివారం పిలవండి. వస్తే మంచిది, రాకపోతే పిలిచిన సంగతి నలుగురికి తెలిసి ఉంటుంది. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో మాత్రం క్లాసు పెట్టకండి. మీ ఉద్యోగం ఉన్న పరిస్థితిలో ఆ పట్టుదల అనవసరం. గ్రంథాలయంలో కూర్చునే హక్కు లేదని ఎవరైనా అంటే, మన ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ కూడా కడుతున్నామని గుర్తు చేయండి. అయినా గ్రంథపాలకుడి నుంచి ఒక అనుమతి కాగితం తీసుకుని పెట్టుకోండి.

ఉద్యోగం మాట దాచను, రెన్యువల్ మీద ఉన్నవాళ్లకు భయం ఉండటం న్యాయమే. ప్రిన్సిపాల్‌కు ఇంకొకరు చెప్పకముందే మీరే రాతపూర్వకంగా చెప్పండి, ఫలానా రోజు, ఫలానా చోట, కాలేజీ పని వేళల్లో కాకుండా, ఇదీ పని అని. వీలైతే ఎన్‌ఎస్‌ఎస్ కార్యక్రమంగా పెడతామని అడగండి. ఒప్పుకుంటే మీకు నీడ ఉంటుంది, కానీ ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో కూడా వాళ్లే చెప్పే రోజు రావచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయ అవగాహన సదస్సులు పెడుతుంటుంది, నల్గొండలో వాళ్లను కలిస్తే మీ క్లాసుకు ఒక వకీలును పంపగలరు. మీ పేరు ముందుండటం తగ్గుతుంది. రెండూ కుదరక, రెన్యువల్‌కు నిజంగా ముప్పు కనిపిస్తే, బోర్డు బాధ్యత మీ విద్యార్థుల్లో ఎవరికైనా ఇచ్చి మీరు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చోండి. ఎవరికివ్వాలో మీకే తెలుస్తుంది, కానీ మీ ఇంటి మనిషికి మాత్రం వద్దు.